పదిహేనో నంబరు

ఫైనల్‌కి స్కోరు రాయాల్సిన మనిషికి జ్వరం రాకపోయి ఉంటే, ఎలీసమ్మ ఆ మధ్యాహ్నం రెండు గంటల బస్సుకే తన జట్టు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోయేది.

మార్టూరుకి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఆమె ఆటల మేడమ్. ఆ ఏడాది అనుబంధ కాలేజీల అమ్మాయిల బాస్కెట్‌బాల్ లీగ్ అయిపోయాక, పైన నిలిచిన ఎనిమిది జట్లకీ నల్లపాడు అవతల ఒక ప్రైవేటు కాలేజీలో చివరి టోర్నమెంట్ పెట్టారు. ఎలీసమ్మ జట్టు ఒక మ్యాచ్ గెలిచింది. రెండో రోజు పొద్దున సెమీఫైనల్లో, టోర్నమెంట్ జరుపుతున్న ఆ కాలేజీ జట్టు చేతిలోనే ఇరవై రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. అవతలి జట్టు పాయింట్లలో సగం పదిహేనో నంబరు పిల్ల ఒక్కతే వేసింది. ఆ పిల్ల షారోన్.

"ఈ రెండు జిల్లాల్లో మీ అంత శుభ్రంగా షీట్ రాసేవాళ్లు లేరు మేడమ్. ఈ ఒక్క మ్యాచ్‌కీ కూర్చోండి" అని రిఫరీ లక్ష్మీనరసింహం గారు అడిగారు. పెద్దాయన. కాదనలేకపోయింది.

షారోన్‌కి బంతి పట్టుకోవడం నేర్పింది ఎలీసమ్మే. ఆ పిల్ల తండ్రి ఇమ్మానియేలు మార్టూరులో గ్రానైట్ రాళ్లు పాలిష్ పట్టే యూనిట్లో పని చేస్తాడు. ఎనిమిదో తరగతిలో ఉండగా కాలేజీ గోడ దూకి వచ్చి, పెద్దపిల్లలు ఆడుతుంటే కోర్టు పక్కన నిలబడి చూసేది. ఎలీసమ్మే పిలిచి బంతి చేతికిచ్చింది. ఆ సాయంత్రం నుంచి ఐదేళ్లు, వానాకాలంలో తప్ప ఒక్కరోజు మానకుండా ఆడించింది. కోర్టు పగుళ్లలో తనే సిమెంటు కూరింది. పిల్ల కాళ్లు సాగుతున్నకొద్దీ ఏటా బూట్లు కొనిచ్చింది. ఎలీసమ్మకి పిల్లల్లేరు. ఆ మాటనీ ఈ మాటనీ కలిపి ఎవరైనా అంటే మాత్రం ఆమెకి ఒళ్లు మండేది.

ఇంటర్ అయ్యాక షారోన్ తన కాలేజీలోనే చేరుతుందని, మూడేళ్లలో తన జట్టుకి కప్పు తెస్తుందని ఎలీసమ్మ లెక్క వేసుకుంది. అంతలో నల్లపాడు కాలేజీలో ఆటలు నేర్పే పీడీ బిందుమాధవి కారు వేసుకుని ఇమ్మానియేలు ఇంటికి వచ్చింది. సీటు, హాస్టలు, భోజనం అన్నీ ఉచితం అంది. ఇమ్మానియేలు మర్నాడే కాలేజీకి వచ్చి, గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మీరు పంపమంటేనే పంపుతా మేడమ్."

"పంపండి. మంచి అవకాశం" అంది ఎలీసమ్మ. అనక ఏం చేస్తుంది? ఇంటికెళ్లి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఏడాదిన్నర గడిచింది. పిల్ల దూరమైనందుకు బాధ తగ్గింది గాని, బిందుమాధవి పేరు ఎవరైనా ఎత్తితే అక్కణ్ణించి లేచి వెళ్లిపోయేది. ముప్ఫై దాటని మనిషి. పెద్ద శిక్షణ సంస్థలో డిప్లొమా చేసి వచ్చింది. ప్రతి మ్యాచ్‌నీ ఫోన్‌లో వీడియో తీసి, రాత్రి పిల్లలకి చూపించి తప్పులు చెబుతుందట. ఇవన్నీ ఎలీసమ్మ ఓర్చుకోగలిగింది. ఓర్చుకోలేనిది ఆ పొద్దున సెమీఫైనల్లో విన్నది. ఆట మధ్యలో షారోన్ బెంచీ దగ్గరున్న బిందుమాధవి వైపు తిరిగి, "అక్కా, నాకు అడ్డు కాయమను, స్క్రీన్ పెట్టమను" అని అరిచింది.

అక్కా. ఐదేళ్లు తను బూట్ల లేసులు కట్టిన పిల్ల తనని ఎప్పుడూ మేడమ్ అనే పిలిచింది. ఒక్కనాడూ ఇంకో పిలుపు రాలేదు ఆ నోటి నుంచి.

నాలుగు గంటలకి ఫైనల్ మొదలైంది. అవతలిది ఒంగోలు జట్టు. టేబుల్ దగ్గర ఎలీసమ్మ పక్కన, గడియారం చూసుకోవడానికి నల్లపాడు కాలేజీ కుర్ర లెక్చరర్ ప్రేమదాసు కూర్చున్నాడు. ఎలక్ట్రానిక్ బోర్డు మీద పాయింట్లు, టైము మాత్రమే కనిపిస్తాయి. ఎవరెన్ని ఫౌళ్లు చేశారన్నది ఎలీసమ్మ ముందున్న కాగితంలోనే ఉంటుంది. ఐదు ఫౌళ్లు పడితే ఆ పిల్ల ఇక ఆ మ్యాచ్ ఆడకూడదు.

ఆడేముందు షారోన్ టేబుల్ దగ్గరికి వచ్చింది.

"బాగున్నారా మేడమ్?"

"బాగున్నానమ్మా."

అంతే. అటు బిందుమాధవి పిలవగానే పరుగెత్తింది. ఆమె షారోన్ జడని రెండు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేస్తూ చెవిలో ఏదో చెప్పింది. పిల్ల పకపకా నవ్వింది. ఎలీసమ్మ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది.

రెండో క్వార్టర్ మధ్యలో బుట్ట కింద ఇద్దరు ముగ్గురు కలిసి ఎగిరారు. ఒంగోలు పిల్ల కిందపడింది. లక్ష్మీనరసింహం గారు విజిల్ ఊది, టేబుల్ వైపు వచ్చి అరచెయ్యి చాపి చూపించారు. ఐదో నంబరు. అంటే షారోన్ జట్టులోనే మనోజ్ఞ అనే పిల్ల. పదిహేను అయితే రెండో చేతి పిడికిలి కూడా కలిపి చూపిస్తారు. పిడికిలి లేదు. ఎలీసమ్మ స్పష్టంగా చూసింది. చూసి, పదిహేనో నంబరు ఎదురుగా ఉన్న గడిలో గుర్తు పెట్టింది.

చెయ్యి దానంతట అదే వెళ్లిందని తర్వాత చాలాసార్లు తనకి తను చెప్పుకోబోయింది. నిజం అది కాదు. ఆ గడి మీద పెన్ను ఒక క్షణం ఆగింది. ఆగి మరీ దిగింది.

ప్రేమదాసు గడియారం మీద నుంచి కళ్లు తిప్పలేదు. ఎవరూ చూడలేదు. ఒక్క ఫౌలే కదా, ఏమవుతుంది, హాఫ్ టైమ్‌లో పెద్దాయనకి చెప్పి దిద్దేస్తాను అనుకుంది. అప్పటికి ఆటలో షారోన్‌వి నిజంగా రెండు ఫౌళ్లు. కాగితంలో మూడు.

హాఫ్ టైమ్‌లో దిద్దేదే. కాని పెద్దాయన నీళ్లు తాగి వచ్చేలోపు బిందుమాధవి రెండు గ్లాసుల టీ పట్టుకుని టేబుల్ దగ్గరికి వచ్చింది. ఒకటి ఎలీసమ్మ ముందు పెట్టింది.

"చాలా థాంక్సండీ మేడమ్, మా మ్యాచ్‌కి కూర్చున్నారు. షారోన్ ఎప్పుడూ మీ గురించే చెబుతుంటుంది. బేసిక్స్ బాగా వేశారండి. షూటింగ్‌లో మోచెయ్యి కొంచెం బయటికి పోయేది. అది మాన్పించడానికే ఆరు నెలలు పట్టింది గాని, పిల్ల మాత్రం బంగారం."

ఆమె మనసులో కల్మషం లేదు. అదే ఇంకా మండించింది. మోచెయ్యి సంగతి ఎలీసమ్మకి తెలుసు. చిన్నప్పుడు బంతి బరువు ఆపలేక పడిన అలవాటది. పెద్దయ్యాక సరిచేద్దాంలే అనుకుని వదిలిపెట్టింది. ఆ పెద్దవడం తన దగ్గర జరగలేదు.

"మంచిదమ్మా" అంది. టీ ముట్టుకోలేదు. కాగితం దిద్దలేదు.

మూడో క్వార్టర్లో షారోన్‌కి ఇంకో ఫౌల్ పడింది. నిజంగానే తనది. చివరి క్వార్టర్లో మూడు నిమిషాలుందనగా, యాభై రెండు, నలభై ఏడుతో ఆతిథ్య జట్టు ముందుండగా, ఒంగోలు పిల్లని ఆపబోయి షారోన్ మోచేతి మీద కొట్టింది. పెద్దాయన విజిల్ ఊదారు. పిడికిలి, అరచెయ్యి. పదిహేను.

ఎలీసమ్మ గుర్తు పెట్టింది. ఐదు గడులూ నిండాయి.

అప్పుడైనా నోరు తెరవచ్చు. పక్క నుంచి ప్రేమదాసు కాగితంలోకి తొంగిచూసి, "ఐదు అయిపోయాయి మేడమ్" అంటూ హారన్ నొక్కేశాడు.

బిందుమాధవి బెంచీ దగ్గర్నుంచి పరుగున వచ్చింది. "నాలుగే కదండీ. మా నోట్‌బుక్‌లో నాలుగే ఉన్నాయి. ఒకసారి చూడండి మేడమ్, ప్లీజ్."

లక్ష్మీనరసింహం గారు షీట్ చూశారు. ఎప్పటి ఫౌల్ ఎవరిదో ఆయనకి మాత్రం ఏం గుర్తుంటుంది? "షీట్‌లో ఐదున్నాయమ్మా. నాకు షీటే ప్రమాణం" అన్నారు.

"కాదండీ, నేను ఒక్కోటీ రాసుకున్నాను."

షారోన్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ముఖమంతా చెమట. "వదిలేయక్కా. మేడమ్ రాస్తే తప్పుండదు. నేనే ఎక్కడో లెక్క మర్చిపోయుంటా."

ఆ మాట అని, ఎలీసమ్మ వైపు చూసి తలాడించి, వెళ్లి బెంచీ చివర కూర్చుని టవల్ కప్పుకుంది. మనోజ్ఞ వచ్చి పక్కన నిలబడితే, "నువ్వెళ్లి ఆడు" అని తోసింది.

ఆట మళ్లీ సాగింది. ఒంగోలు పిల్లలు రెండు వేశారు. మళ్లీ రెండు. లేచి చెప్పాలి అనుకుంటూనే ఎలీసమ్మ ఆ పాయింట్లు రాసింది. చెబితే ఈ జిల్లాల్లో తన మొహం ఎవరు చూస్తారు? ఇరవై ఏళ్లుగా శుభ్రంగా రాసిన చెయ్యి. ఆతిథ్య జట్టు ఒక బుట్ట వేసింది. ఒంగోలు వాళ్లు దూరం నుంచి మూడు, ఆ వెంటనే మరో రెండు. యాభై నాలుగు, యాభై ఆరు. బోర్డు మీద నలభై సెకన్లు.

బంతి బయటికి పోయి ఆట ఆగింది. ఎలీసమ్మ లేచి ప్రేమదాసు చెయ్యి పక్కకి నెట్టి తనే హారన్ నొక్కింది.

"సార్. రెండో క్వార్టర్లో ఐదో నంబరు ఫౌల్ పదిహేనుకి రాశాను. ఆ పిల్లకి నాలుగే."

పెద్దాయన కళ్లద్దాలు తీసి ఆమె వంక చూశారు. "ఇప్పుడు చెబుతున్నారా మేడమ్?"

"పొరపాటు సార్."

ఆయన బిందుమాధవి నోట్‌బుక్ తెప్పించి చూశారు. ఇద్దరు కోచ్‌లనీ పిలిచి చెప్పారు. పాయింట్లు మారవు, పోయిన టైము తిరిగిరాదు, పదిహేనో నంబరు మాత్రం ఆడవచ్చు. ఒంగోలు కోచ్ గొణిగాడు గాని ఒప్పుకున్నాడు. షారోన్ టవల్ పారేసి దిగింది. చల్లబడిన ఒళ్లు. అయినా ఇద్దరిని తప్పించుకుని బుట్ట దాకా వెళ్లి వేసింది. బంతి అంచు మీద తిరిగి బయటికి పడింది. పట్టుకున్నది ఒంగోలు పిల్ల. ఆట అయిపోయింది.

కప్పులిచ్చే హడావుడిలో ఎలీసమ్మ షీట్ మీద సంతకం చేసి, తన పిల్లల్ని బస్టాపు దగ్గర ఉండమని చెప్పి, డ్రెస్సింగ్ రూము బయట నిలబడింది. షారోన్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పర్లేదు మేడమ్. పొరపాట్లు ఎవరికైనా వస్తాయి" అంది ఆ పిల్లే ముందుగా.

అక్కడితో ఊరుకుని ఉండవచ్చు. కాని ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధంతో ఇంటికి వెళ్లలేననిపించింది ఎలీసమ్మకి.

"పొరపాటు కాదమ్మా. తెలిసే రాశాను."

షారోన్‌కి ముందు అర్థం కాలేదు. "ఎందుకు?"

"ఆవిడని అక్కా అని పిలిచావు. నన్నెప్పుడూ అలా పిలవలేదు." చెబుతుంటేనే ఎంత చిన్న మాటో తెలిసి సిగ్గుతో తల వంగిపోయింది. "నిన్ను తీసుకుపోయిందని కడుపుమంట."

షారోన్ గది తలుపు వైపు చూసింది. లోపల ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు, మనోజ్ఞే అయుంటుంది.

"నాకు చెప్పకుండా ఉండాల్సింది మేడమ్" అంది చివరికి. "మీరు రాశారు కదా అని నేనే అక్కని ఆపాను. ఇప్పుడు లోపలికెళ్లి వాళ్లకి ఏం చెప్పమంటారు?"

షారోన్ బ్యాగు సర్దుకుని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

దారి పొడవునా పత్తి లోడు లారీల వెనక బస్సు నెమ్మదిగా పోయింది. పిల్లలు ఆమెని పలకరించడానికి జంకారు. మర్నాడు ఎలీసమ్మ టోర్నమెంట్ కార్యదర్శికి ఉత్తరం రాసింది. జరిగింది జరిగినట్టు రాసి, ఇకమీదట తనని స్కోరు టేబుల్ మీద కూర్చోబెట్టవద్దని కోరింది. మందలింపు ఉత్తరం వచ్చింది. దాన్ని ప్రిన్సిపాల్‌కి తనే చూపించింది. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేస్తే, తప్పు చేసినదాన్నని తను లేవలేదు.

జనవరి మూడో వారంలో విశ్వవిద్యాలయం జట్టు జాబితా వచ్చింది. షారోన్ పేరుంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఇమ్మానియేలు మిఠాయి పెట్టెతో ఆమె దగ్గరికి వచ్చాడు. అతని చొక్కా కుట్లలో ఎంత ఉతికినా పోని రాతిపొడి.

"అమ్మాయి పంపిందా?" అంది ఎలీసమ్మ.

"లేదు మేడమ్. నేనే తెచ్చా." పెట్టె మూత తీశాడు. "జరిగింది చెప్పింది నాతో. కోపంగానే ఉంది. నాకూ వచ్చింది కోపం. అయినా బంతి ఇచ్చింది మీరు. అది లేదనలేం కదా."

ఎలీసమ్మ ఒక ముక్క తీసుకుంది. తిన్నంతసేపూ అతను అక్కడే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ధైర్యం చేసి బిందుమాధవికి ఫోన్ చేసింది. క్షమాపణ అడిగింది. అవతల నుంచి "సరేనండీ" అన్న మాట మాత్రం వచ్చింది, పొడిగా. ఎలీసమ్మ పెట్టేయకుండా, పెద్ద టోర్నమెంట్‌కి వెళ్తున్న పిల్లకి పనికొస్తుందని ఒక సంగతి చెప్పింది. షారోన్ ఎగిరి దిగేటప్పుడు ఎడమ మడమ లోపలికి వాలుతుంది, పదో తరగతిలో ఒకసారి బెణికింది, పట్టీ కట్టి ఆడించమంది.

"తెలుసండి. ఆగస్టు నుంచీ దానికి ఎక్సర్‌సైజులు చేయిస్తున్నాను. ఇప్పుడు వాలడం లేదు."

ఎక్కడో కలుక్కుమంది. ఇంత జరిగాక కూడా. ఎలీసమ్మ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ఏం ఎక్సర్‌సైజులమ్మా?" అని అడిగింది. "మా దగ్గర ఇద్దరికి అదే ఇబ్బంది."

బిందుమాధవి, అదే పొడి గొంతుతో, మొదటిది ఎలా చేయించాలో చెప్పడం మొదలుపెట్టింది. ఎలీసమ్మ కాగితం వెతుక్కుంది.