మైనం రుద్దిన దారం

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. దర్జీ నోరు జారింది ఒక గురువారం పొద్దున, పిల్లకి బడి సంచి అందిస్తూ.

"మీకు గాలిపటం ఎగరేయడం వచ్చా?" అని అడిగింది పిల్ల.

"ఓస్, అదేమన్నా బ్రహ్మవిద్యా?" అనేశాడు.

నిజానికి జన్మలో గాలిపటం ముట్టుకున్న పాపాన పోలేదాయన. కానీ ఏం చేస్తాడు? నలభై నాలుగో ఏట పెళ్లి చేసుకున్నాడు. భార్యతో పాటు ఆమె తొమ్మిదేళ్ల కూతురూ ఇంటికి వచ్చింది. పిల్ల తండ్రి పోయి మూడేళ్లవుతోంది. పెళ్లయిన ఈ ఐదు నెలల్లో ఆయన ఏదైనా అడిగితే పిల్ల జవాబు చెప్పడమే తప్ప, తనంతట తాను ఆయన్ని ఒక్క మాట అడగలేదు. ఇదే మొదటిది. మొదటిదానికే "రాదు" అంటే ఇంకోటి అడుగుతుందా అని భయపడ్డాడు.

ఆదివారానికల్లా గాలిపటం తయారైంది. కాగితం మీద ఆయనకి నమ్మకం కుదరక గుడ్డతో చేశాడు. పోగులు లేచిన అంచు చూస్తే దర్జీకి నిద్ర పట్టదు కదా, నాలుగు వైపులా మడిచి రెండేసి కుట్లు వేశాడు. వెనక లైనింగు వేశాడు. అక్కడితో ఊరుకోవచ్చా, ఇస్త్రీ కూడా చేశాడు. తొడుక్కుని పెళ్లికి వెళ్లొచ్చు, అంత బాగా కుదిరింది. ఎగరడం మాట మాత్రం దేవుడెరుగు.

బడి వెనక మైదానంలో నాలుగుసార్లు పరిగెత్తాడు. నాలుగుసార్లూ అది ఆయన వెనకాలే దుమ్ము ఊడ్చుకుంటూ వచ్చింది.

"గాలి లేదమ్మా," అన్నాడు రొప్పుతూ. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు ఫటఫటా కొట్టుకుంటున్నాయి. పిల్ల ఆ దుప్పట్లనీ చూసింది, ఈయన్నీ చూసింది.

దర్జీకి సిగ్గేసింది. "రాదమ్మా నాకు. నీతో అబద్ధం చెప్పాను."

పిల్లకి కోపం రాలేదు సరికదా, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. "నాకూ రాదు. నాన్న ఎగరేస్తుంటే నేను దారం కండె పట్టుకునేదాన్ని, అంతే. ఆ కండె నా పెట్టెలో ఉంది. దానితో అయితే వస్తుందేమో."

ఇంటికి వెళ్లి బట్టల అడుగునుంచి చెక్క కండె తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎవర్నీ తాకనివ్వని వస్తువు అది. దర్జీ మురిసిపోయాడు. అలవాటు కొద్దీ దారం కొస రెండు వేళ్ల మధ్య పట్టుకుని చిన్నగా లాగాడు. పుటుక్కున తెగింది. ఇంకాస్త విప్పి లాగాడు. అక్కడా తెగింది.

ఇప్పుడే ఒక అబద్ధం ఒప్పుకున్నాడు, అంతలోనే మరొకటి ఎలా చెబుతాడు? "ఇది చివికిపోయిందమ్మా. ఎగరేస్తే తెగిపోతుంది."

"మా నాన్న దారం మంచిదే!" పిల్ల కండె లాక్కుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

"నిజాలన్నీ ఒక్కరోజే చెప్పేయాలా?" అంది భార్య, దిండుకి గలేబు తొడుగుతూ. ఐదు నెలలకి తెరుచుకున్న తలుపు తన చేతులతో తానే మూసుకున్నానని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు బడి వదిలాక పిల్ల దుకాణానికి వచ్చింది. చంకలో కండె ఉంది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"కోటు గుండీలు కుట్టేటప్పుడు మీరు దారానికి మైనం రుద్దుతారు కదా. దీనికి రుద్దితే గట్టిపడదా?"

కోటు గుండీలు ఆయన కుట్టి రెండు నెలలైంది. అంటే దుకాణంలో ఓ మూల తలెత్తకుండా హోంవర్కు చేసుకునే పిల్ల అన్నీ చూస్తూనే ఉందన్నమాట! దర్జీ కొలతల టేపు మెళ్లోంచి తీసి పక్కన పడేసి, మిషను ముందునుంచి లేచాడు.

నాలుగు సాయంత్రాలు పట్టింది. పిల్ల విప్పుతుంటే ఆయన మూరమూరా లాగి చూశాడు. నిలవని చోట కత్తిరించి ముడేశాడు, నిలిచినదాన్ని మైనంగడ్డ మీద నడిపించాడు. సగానికి సగం పోయింది. ప్రతి కత్తిరింపుకీ పిల్ల పెదవి కొరుక్కుంది గానీ వద్దనలేదు. ఒకచోట ముందే వేసి ఉన్న ముడి తగిలింది. ముతకగా, కందిగింజంత ఉంది.

"ఇది నాన్న వేసింది," అంది పిల్ల.

దర్జీ లాగి చూశాడు. "ఇనుములా ఉంది. దీని జోలికి పోవద్దు," అన్నాడు. పిల్ల మొదటిసారి ఆయన వంక చూసి నవ్వింది.

ఈసారి గాలిపటానికి పలచటి కాగితం, రెండు పుల్లలు, అంచున కుట్టు లేదు. కుట్టు వేయకుండా వదలడం ఆయనకి ప్రాణసంకటమైంది. ఆదివారం మైదానంలో కాగితం గాలికి లేవగానే అలవాటుగా దారం బిగించాడు. పటం గిర్రున తిరిగి ముక్కు నేలకి కొట్టుకుంది. రెండోసారీ అంతే.

"బిగించకండి! ఇదేమన్నా మిషనా? అది లాగితే వదలండి, సడలితే లాగండి!" అని అరిచింది పిల్ల, నాన్న ఎగరేసిన తీరు గుర్తొచ్చి.

మూడోసారి వదిలాడు. పటం తడబడింది, తోక ఆడించింది, మేడ అంచు దాటింది, దుప్పట్లు దాటింది. దారం ఆయన వేళ్ల మధ్యనుంచి ముడి తర్వాత ముడిగా జారిపోతోంది. ఒక్కో ముడికీ ఆయన ఊపిరి బిగబట్టాడు. కందిగింజ ముడి వెళ్లేటప్పుడు పిల్ల వేలితో దాన్ని ఒకసారి తాకి వదిలేసింది. అది గాల్లోకి వెళ్లిపోయింది. తెగలేదు.

ఇంకాసేపటికి కండె ఖాళీ అయింది. పటం ఇంకా కావాలని లాగుతోంది.

"అయిపోయింది," అంది పిల్ల దిగులుగా. అంతలోనే ఆయన చొక్కా జేబు వైపు చూసింది. "మీ దగ్గర దారం ఉందా?"

"దారం లేని దర్జీ ఉంటాడటమ్మా?" జేబులోంచి కొత్త రీలు తీశాడు. దుకాణంలో మైనం రుద్ది, అడగదేమో అనుకుంటూనే తెచ్చుకున్నాడు.

పిల్ల దారాన్ని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. ఆయన కండె దగ్గర కత్తిరించి, కొస పట్టుకుని ఆగాడు. వాళ్ల నాన్న దారం కదా, తనే కట్టుకుంటుందేమోనని.

"చూస్తారేంటి? నా చేతులు ఖాళీ లేవు," అంది పిల్ల ఆకాశం మీదనుంచి చూపు తిప్పకుండా. "ముడి మీరే వేయండి. గట్టిగా వేయండి."