ఫోన్‌లో దొరకని కోపం

నెల పొడవునా ఒంట్లో హార్మోన్లు రోజుకో తీరుగా పెరిగి తగ్గుతుంటాయనీ, కొన్నాళ్లు ఎక్కడలేని హుషారు ఉంటుందనీ, నెలసరికి ముందు ఊరికే ఏడుపొస్తుందనీ సంధ్యే ఒకనాడు భర్తకు నచ్చజెప్పింది. మహబూబాబాద్‌లో కిరాణా దుకాణం నడిపే రాకేష్ శ్రద్ధగా విని, ఫోన్‌లో ఆమె నెలసరి తేదీలు లెక్కగట్టే యాప్ కూడా పెట్టుకున్నాడు. సంధ్య మురిసిపోయింది. ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. ఆమె ఏ మాటన్నా అతను ముందు ఫోన్ చూడటం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం ఇద్దరూ భూపాలపల్లిలో ఆమె అక్క ఇంటికి పోవాలి. దుకాణానికి సరుకొస్తుందని, సంధ్యను అడగకుండానే రాకేష్ వాళ్లకు ఫోన్ చేసి రామని చెప్పేశాడు.

"నన్నొక్క మాట అడగొద్దా?" అంది సంధ్య.

రాకేష్ ఫోన్ తీశాడు. "డేట్ దగ్గరికొచ్చింది. గందుకే గింత కోపం. రెండు రోజులైతే నువ్వే సల్లబడతవ్."

డేట్ దగ్గరికొచ్చిన మాట నిజమే.

పక్కనే చింతపండు గింజలు తీస్తున్న అత్త వనమాల తలెత్తి కొడుకును చూసింది.

"నాకు నెలసరి ఆగి ఏండ్లాయెరా. అయినా నీ మీద నాకు గూడ గింతే కోపమొస్తుంది. గిది ఎందుకొచ్చిందో జర నీ ఫోన్ల చూసి చెప్పు."