పెరటి కిటికీ, వర్షన్ నలభైతొమ్మిది

"ముందు క్లీన్ కొట్టినారా లేదా?" అని అరిచినా.

నేను పెరట్లో బట్టలుతికే బండ దగ్గర నిలబడి, మోచేతుల దాకా సబ్బు నురగతో, దేవుని గది కిటికీ చూసుకుంటా అరుస్తాండా. కిటికీ లోపల మా ఆయన ప్రదీప్‌కుమార్ కంప్యూటర్ ముందర కూర్చోని ఉండాడు. సెల్లు స్పీకర్లో పెట్టి కీబోర్డు పక్కన పడుకోబెట్టినాడు. ఫోన్లో ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి జ్ఞానరాజు సారు. ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ ఆయన కిందనే. "చూస్తాండా సార్, ఒక్క నిమిషం సార్, ఇప్పుడే పట్టేసినా సార్" అని ఫోనుకు చెప్పడం, తల తిప్పి నాకు కళ్లతోనే "ఏంది, ఏంది" అని అడగడం, ఇదీ ఆయన చేస్తాండే పని. నేను లోపలికి పోయి ఆ కుర్చీలో కూర్చుంటే రెండు నిమిషాల పని అది. పోకూడదు. నాకు బయట. రెండో దినం.

కంప్యూటర్ దేవుని గదిలో ఎందుకుండాదని మీరు అడగొచ్చు, ప్రొద్దుటూర్లో ఏ కోమటింట్లో అడిగినా మీకే నవ్వొస్తాది ఆ జవాబుకు. కొన్నప్పుడు ఆయుధపూజ. మానిటర్ నెత్తిన పసుపు కుంకుమ పెట్టినారు, సీపీయూకు దండ వేసినారు, మా అత్త అలివేలమ్మ "లక్ష్మి వచ్చే మిషను, లక్ష్మి పక్కనే ఉండనీ" అనింది, ఇన్వర్టర్ వైరు కూడా ఆ గదికే పోయిండాది, అంతే, అప్పట్నించి వెంకటేశ్వరస్వామి పటం, పక్కన మానిటరు. నెలకు ఇరవయ్యారు దినాలు నేను ఆ మానిటర్ ముందర కూర్చోని పని చేస్తా. మిగిలిన నాలుగు దినాలు పెరట్లో చాప, చెంబు, నేను తినే తట్ట, నా గ్లాసు. ఆ నాలుగు దినాలూ మా ఆయన పెట్టిన ప్రదీప్ సిస్టమ్స్ వాళ్ల బిల్డు పడిపోతాది. ప్రతి నెలా. తప్పకుండా. జ్ఞానరాజు సారు ఒకసారి ఫోన్లోనే అడిగినాడంట, "ఏందప్పా ప్రదీపూ, నెలకు నాలుగు దినాలు మీకేమైతాది?" అని. మా ఆయన తడుముకోకుండా "వోల్టేజీ సార్" అన్నాడంట. ఇంటికొచ్చి చెప్పి నవ్వినాడు. మా అత్త నవ్వింది. నేనూ నవ్వినా, అదే నాకు ఇప్పటికీ మంటగా ఉండాది.

ఆ ప్రోగ్రాము నేను రాసినా. కర్నూల్లో ఎంసీఏ చేసినప్పుడు మా క్లాసులో జావా అంటే నన్నే అడుగుతాండ్రి అందరూ. పెండ్లయి ఈడికొచ్చినాక ఈయన ఎర్రగుంట్ల ఫ్యాక్టరీ పని పట్టుకొచ్చినాడు, ఖాళీ లారీ కాటా మీద ఎక్కితే ఒక బరువు, సిమెంటు నింపుకోని ఎక్కితే ఒక బరువు, రెండిటికీ తేడా తీసి చీటీ కొట్టాల, అంతే, కానీ దానెనక నూటా నలభై ఫైళ్లుండాయి, అన్నీ నావే. వాటన్నిటినీ వరసగా ఏరి, కంపైల్ చేసి, ఒక మూటగా కట్టే ఫైలు ఇంకొకటుండాది, దాన్నే బిల్డ్ ఫైలంటాం. యాంట్ అని కొడితే చాలు, తనంతట తానే అన్నీ చేసుకుంటా పోతాది. బాగున్నన్నాళ్లూ దాని జోలికి ఎవరూ పోరు. పడిపోయిందంటే మాత్రం నల్ల స్క్రీను మీద బిల్డ్ ఫెయిల్డ్ అని పడి, మా ఆయన మొహం ఆ స్క్రీనుకంటే నల్లగా అయితాది. నాకు భయం ల్యా. నాకది జ్వరమొచ్చిన పిల్లోని మాదిరి, నుదురు ముట్టుకుంటే తెలిసిపోతాది ఏమైందో. కంపైలర్ దొరకలేదంటే జావా హోం తప్పు చోటికి చూపిస్తాంది. ప్యాకేజీ లేదంటే ఏదో జార్ ఫైలు పక్క ఫోల్డర్లోకి పోయింది. ఎక్స్‌ఎంఎల్ చదవలేకపోతాండా అంటే ఎవరో స్లాష్ మింగేసినారు. ఇంకొకటుండాది, దాన్ని పట్టుకునేదానికి నాకే రెండు పూటలు పట్టింది. యాంట్‌లో ఒక పేరుకు ఒకసారి ఒక విలువ పెట్టేసినావంటే, కింద ఎన్నిసార్లు మార్చి రాసుకున్నా సరే, మొదట ఏది పెట్టింటే అదే నిలబడతాది. తిట్టదు, చెప్పదు, ఊరికే పట్టించుకోదు. అది తెలిసిన దినం నేను సాంబారు తిరగమోత పెడతా పెడతా ఆగిపోయినా. నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన దినం మా అత్త వచ్చినోళ్లకంతా చెప్పిన మాట, "కోడలు ఊరికే సదువుకునింది లే, పని మాత్రం బాగా చేస్తాది." ఆ తర్వాత నేనెన్ని రాసుకున్నా!

సరే, ఆ దినం జరిగింది చెప్తా. ఫ్యాక్టరీలో కొత్త మూట వేస్తే ఓపెన్ కాల్యా, వర్షన్ నలభైతొమ్మిది ఒప్పుకోను అనింది. నాకు ఆ నంబరు వినంగానే అర్థమైపోయింది, అది కొత్త జావా కొట్టే ముద్ర. "మన మిషన్లో కొత్త జావా ఎవరేసినారు?" అని కిటికీలోంచి అడిగినా. మా ఆయన నా పక్క చూడల్యా. నిన్న, నేను బయట చేరిన దినమే, ఏదో పుస్తకంతో వచ్చిన సీడీ పెట్టి, కొత్తది ఫ్రీగా వచ్చింది గదా అని ఎక్కించినాడు. కొత్త జావాతో కట్టిన మూట, ఫ్యాక్టరీలో ఉండే పాత జావాకు విప్పేది చేతకాదు. దానికి రెండే పనులు. బిల్డ్ ఫైల్లో టార్గెట్ ఒకటి పాయింటు నాలుగు అని చెప్పాల, పాత జావాకు సరిపోయేట్టు కట్టమని. తర్వాత క్లీన్ కొట్టాల, అంటే ముందు కట్టినవన్నీ తుడిచేసి మొదట్నించి కట్టాల. ఎందుకంటే యాంటు బద్ధకస్తురాలు. నువ్వు ఫైలు మార్చకపోతే మళ్లీ కంపైల్ చేయదు, నిన్న చేసిందే ఇయ్యాళ ఇస్తాది.

"జావాసీ అని ఉండాది చూడండి, ఆ లైన్లో."

"యాడ?"

"నలభైరెండో లైను."

"ఆఁ, ఉండాది."

"టార్గెట్ ఈక్వల్‌టు, కోట్స్‌లో ఒకటి పాయింటు నాలుగు. తర్వాత స్లాష్ పోకుండా చూడండి."

"స్లాష్ ఎటు పక్కది?"

"కుడికి వాలేది. కుడికి! అన్నం తినే చేయి పక్కకు!"

అప్పుడు స్పీకర్లో జ్ఞానరాజు సారు గొంతు, "ఎవరప్పా ఆడ? ఆడమనిషి ఎవరో చెప్తాండాది?"

మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించల్యా. "టీవీ సార్. మా అమ్మ సీరియల్ చూస్తాంది."

"సీరియల్లో జావా చెప్తాండారా?" అని ఆయన నవ్వినాడు. "మంచి సీరియలే. ఏ చానెలప్పా?"

మా ఆయన ఎడమ చేత్తో కిటికీ రెక్క మూసేసినాడు.

నేను బండ మీద నా చీర అట్లే పెట్టి, నురగ ఆరిపోతాంటే చూస్తా నిలబడినా. తిట్టుంటే తట్టుకుంటాంటి. పనిమనిషి అన్నా మనిషి గదా. టీవీ. బటన్ నొక్కితే ఆగిపోయేది. నిజంగానే నొక్కినాడు, రెక్క మూసుకుంది, నేను ఆగిపోయినా. నా ప్రశ్న మాత్రం ఈ పక్కనే ఉండిపోయింది, క్లీన్ కొట్టినారా లేదా అని. కొట్టలేదని నాకు తెలుసు. ఎవరికి చెప్పేది? రెండుసార్లు రెక్క మీద తట్టినా. తీయల్యా. సాయంత్రానికి సీడీ రాసి, ఎప్పట్లాగే ఎర్రగుంట్ల బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపినాడు. అందులో నిన్నటి మూటే ఉండాది.

మీకింకొక సంగతి చెప్పల్యా. అదీ నాకు నిజంగా కావాల్సింది. ఫ్యాక్టరీవాళ్లు ఒక మాటన్నారు, ఈ ప్రోగ్రాము లోపలా బయటా తెలిసిన మనిషి వారానికి రెండు దినాలు వచ్చి మా పిల్లోళ్లకు నేర్పియ్యాల, మనిషెవరో జ్ఞానరాజు సారు చూసి ఒప్పుకుంటాడు అని. ఆ మాట వినింది మొదలు నాకు నిద్దర ల్యా. రెండేండ్లయింది నేనా చీటీ రాసి, ఒక్క లారీ నా చీటీతో కాటా దిగడం చూడల్యా. బస్సెక్కితే గంట కూడా పట్టదు. "నేను పోతా" అన్నా. మా ఆయన తింటాండే ముద్ద ఆపి, "లారీ డ్రైవర్ల మధ్యలోకా? నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. "తెలిసిన మనిషి కావాలన్నారు గదా" అన్నా. "తెలిసిన మనిషి నేనే" అన్నాడు. మా అత్త పెరుగు వడ్డిస్తా, "కోడలు సిమెంటు ఫ్యాక్టరీలో కొలువు చేస్తాందని బజార్లో అనుకుంటే మీ మామ అంగట్లో ఎట్ల కూర్చునేది పాపా?" అనింది, ఎంత మెల్లగా అనిందంటే, నేను లేచి మా ఆయన తట్ట తీసినా.

మూడో దినం మళ్లీ ఫోను. మూసిన రెక్క వెనక మా ఆయన గొంతు "అదే నలభైతొమ్మిదా సార్? మార్చినా గదా సార్?" అనడం వినపడింది. అప్పుడన్నా తీసి అడుగుతాడనుకున్నా. తీయల్యా. తర్వాత తెలిసింది, జ్ఞానరాజు సారు "వద్దులేప్పా, శుక్రవారం పొద్దున నేనే వస్తా, నా కండ్ల ముందర కట్టు. ఆ తెలిసిన మనిషెవరో కూడా చూసినట్టుంటాది" అన్నాడంట. శుక్రవారం అంటే నాకు అయిదో దినం. తలకు పోసుకుని లోపలికొచ్చే దినం. మా ఆయన మొహంలో ప్రాణమొచ్చింది. నాలుగో దినం పొద్దున నా గ్లాసులో పైనుంచి కాఫీ పోస్తా మా అత్తే చెప్పింది మొత్తం ఏర్పాటు. సారును హాల్లో కూర్చోబెడతారు. టిఫిను నేనే చేయాల, ఉగ్గాని బజ్జీ. ఆయన తింటాంటే నేను దేవుని గది తలుపేసుకుని మిషను బాగుచేయాల. తర్వాత నేను వంటింట్లోకి, ఈయన సారుతో గదిలోకి. "ఒక్క గంట పాపా. ఆ రెండు దినాల పని వీనికొచ్చిందంటే మనకు అంతకంటే ఏం కావాల?" అనింది.

ఆ పూట గిన్నెలు తోమే సుంకులమ్మ నా పక్కన కూర్చోని ఆకు నములుతా, నేను ఏడ్చినానేమో అని మొహంలోకి చూసింది. "ఎన్నో దినమమ్మా?" అనింది.

"నాలుగు. రేపటికి అయిపోతాది."

"అయిపోతాదని అంత దిగులా?" అని పకపక నవ్వింది. "నేనైతేనా, మా ఇంట్లో చెనక్కాయ పీకే పని పడిందనుకో, ఏడు దినాలంటా. ఒకసారి తొమ్మిదన్నా. మా మొగుడు నోరెత్తల్యా. ఎవరొచ్చి లెక్క చూస్తారమ్మా? మనం ఎన్నంటే అన్ని."

నేను నవ్వినా. ఆమె గిన్నెలు బోర్లించి పోయింది. ఆ మాట పోల్యా.

శుక్రవారం చీకటితోనే తలకు పోసుకున్నా. అలవాటు, చేతులు వాటంతట అవే చెంబు ముంచినాయి. తడి జుట్టు తువ్వాలతో గట్టిగా చుట్టి, పెరట్లో చాప మీద కూర్చున్నా. ఎనిమిదింటికి సందు ముందర జీపు ఆగింది. మా ఆయన "రండి సార్, రండి" అనడం, హాల్లో కుర్చీ లాగడం, అన్నీ వినపడతాండాయి. మా ఇల్లు ఎంతని. దేవుని గదికి ఈ పక్క పెరడు, ఆ పక్క హాలు, ఈడ తుమ్మితే ఆడ వినపడతాది. రెండేండ్లుగా ఇంటికి ఎవరన్నా వస్తే నేను ఎందుకు గొంతు తగ్గించుకోని మాట్లాడతాండానో అప్పుడు తట్టింది నాకు.

మా అత్త వంటింటి వాకిట్లోకొచ్చింది. "పాపా, అయిందా? బిర్రన రా. బొరుగులు నానేసినా. ఆయప్ప వచ్చేసినాడు, ముందు ఆ మిషను చూసి రా పో."

లేచినా. రెండడుగులు కూడా వేసినా. అంతే, ఆగినా. లోపలికి పోయినానంటే రెండు నిమిషాల్లో బాగైపోతాది, ఉగ్గాని కూడా బాగుంటాది, అన్నీ బాగుంటాయి, నేను వంటింట్లో ఉంటా, రేపట్నించి ఈయన ఎర్రగుంట్ల బస్సెక్కుతాడు, మళ్లీ నెల వోల్టేజీ పడిపోతాది. లోపల నేను తలుపేసుకుని చేసే పని ఎవరికీ వినపడదు. ఈడ్నుంచైతే అరవాల్సిందే.

"ఇంకా కాల్యా అత్తా" అన్నా. "నేనింకా బయటే ఉండా."

"అయిదో దినం గదే?"

"ఏమో అత్తా. ఈసారి ఎన్నాళ్లో తెలీడంల్యా."

తువ్వాల అంచు నుంచి నీళ్లు కారి జాకెట్టు వీపంతా తడిసిపోయింది. మా అత్త ఆ తడి చూసింది. నన్ను చూసింది. అబద్ధమని అనాలంటే, ఒకవేళ నిజమైతే, దేవుని గది మైలపడేది ఆమె చేతుల మీదగా. కొంగు నడుముకు దోపుకోని లోపలికి పోయింది. అంతలోనే గుసగుసలు, గది తలుపు, ఆపైన కిటికీ రెక్క తెరుచుకుంది. ఊచల మధ్యలో మా ఆయన మొహం, చెమటలు కారతాండాయి.

"ఏం జేయాల? మెల్లగా చెప్పు. ఆయప్ప ఈడే ఉండాడు."

"మెల్లగా చెప్తే మీరు చేయరు గదండీ" అన్నా, మామూలుగా కాదు, గొంతు మొత్తం విప్పి. "టార్గెట్ మార్చినారు, క్లీన్ కొట్టల్యా! అందుకే ముందు కట్టినవన్నీ అట్లే ఉండాయి, అందుకే నలభైతొమ్మిది! యాంట్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, క్లీన్ అని కొట్టండి! అది అయినాక మళ్లీ యాంట్!"

"ఏయ్, అరవద్దే..."

"నూటా నలభై ఫైళ్లూ కంపైల్ అయితాండాయని పడాల! తక్కువ పడితే నాకు చెప్పండి!"

హాల్లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. దేవుని గది గడప దగ్గర జ్ఞానరాజు సారు గొంతు, నవ్వుతా కాదు, నిజంగానే అడుగుతాండాడు.

"ప్రదీపూ, ఆ టీవీ యాడుండాదప్పా మీ ఇంట్లో?"

మా ఆయన చేయి రెక్క మీదికి పోయింది. నేను ఊచల్లోంచి చేయి పెట్టి ఆ రెక్క పట్టుకున్నా.

"పెరట్లో ఉండాది సార్" అన్నా. "పక్క సందులోంచి ఇట్ల రండి."