హాల్లో ఇంజను

కారు రైలు వంతెన దాటిందంటే అత్తగారు పొయ్యి వెలిగించేది. వంతెన ఎక్కడో ఊరి అవతల ఉంది, కిటికీలోంచి కనపడేది కాదు. కానీ హాల్లో సోఫా పక్కన ఇనుప స్టాండు మీద కూర్చున్న ఇంజను వంతెన ఎత్తు రాగానే గొంతు పెంచి, దిగాక తగ్గించేది. తర్వాత మార్కెట్టు సిగ్నల్ దగ్గర కాసేపు గురగురలాడుతూ ఆగేది. ఆలోపు కూర దించేస్తే కోడలు గేటు తీసేసరికి కంచాలు పెట్టడమే మిగిలేది.

ఆ కారు కోడలిది. రెండే తలుపులు, పసుపు రంగు, నేలకి జానెడెత్తు. పందేల్లో పరిగెత్తడానికి చేసిన బండి. పెళ్లికి ముందే సెకండ్ హ్యాండులో కొనుక్కుని, పుట్టింటి నుంచి తనతో పాటు తెచ్చుకుంది. బ్లడ్ బ్యాంకు నుంచి కొండ మీది ఆస్పత్రికి రక్తం సంచులు చేర్చడం ఆవిడ ఉద్యోగం. ఆ వంకర రోడ్డు మీద మిగతా వాళ్ల బళ్లు రొప్పుతుంటే ఈవిడ బండి ఈల వేసుకుంటూ ఎక్కేది. అలా ఏళ్ల తరబడి ఎక్కీ దిగీ దాని ఇంజను అరిగిపోయింది. నూనె తాగుతోంది, వెనక నీలం పొగ వదులుతోంది.

మెకానిక్ ఆ కుటుంబానికి పాత స్నేహితుడు. ఇంజను నేడో రేపో ఆగిపోతుందని అతను అనలేదు, ఆగేదాకా చూడొద్దని మాత్రం అన్నాడు. రోడ్డు మీద ఆగిపోయాక వెతకడం మొదలుపెడితే ఏది దొరికితే అదే బిగించుకోవాలి, ఈలోగా ఉద్యోగం మూలన పడుతుంది. అందుకని ముందే వెతికి పెట్టాడు. ఎవరిదో అదే రకం కారు, వెనక నుంచి లారీ గుద్దితే నుజ్జయింది, ముందున్న ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని కొని, సీళ్లూ బెల్టూ నీళ్ల పంపూ తీరిగ్గా కొత్తవి వేశాడు. కోడలికి సెలవు దొరికిన రోజు పాతది దించి ఇది ఎక్కించాలి, ఆ పనిలో పనిగా క్లచ్చు కూడా మార్చాలి. అదీ ఏర్పాటు.

అప్పటిదాకా దాన్ని తన షెడ్డులో ఉంచనన్నాడు. ఉంచితే తెల్లారేసరికి దాని భాగాలు నాలుగు బళ్లలో తిరుగుతుంటాయట. అలా అది హాల్లోకి వచ్చింది. వచ్చిన వాళ్లు ఎక్కడ కూర్చుంటారని అత్తగారు రుసరుసలాడింది. మెకానిక్ ఆవిడ చేతికి ఒక పొడుగు స్పానర్ ఇచ్చి, ఊరికే పడున్న ఇంజను లోపల పట్టేస్తుందనీ, వారానికోసారి ముందున్న బోల్టుకి ఇది తగిలించి చేత్తో తిప్పాలనీ చెప్పాడు. ఇంట్లో పనులు చాలక ఇదొకటా అనుకుంటూనే ఆవిడ తీసుకుంది.

మర్నాడు కోడలు కారు తీయగానే హాల్లో ఇంజను కూడా హుమ్మని మొదలైంది. దానికి పెట్రోలు లేదు, బ్యాటరీ లేదు. మందుల షాపుకి బయల్దేరుతున్న కొడుకు ఫ్రిజ్ మోత ఎక్కువైందనుకుని ప్లగ్గు పీకి చూశాడు. అత్తగారు మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"పని నేర్చుకుంటోంది పెద్దమ్మా. మంచిదేగా" అన్నాడతను.

అంతే, ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇంజను వెచ్చబడుతుంది కాబట్టి దాని మీద కొడుకు మేజోళ్లు ఆరేసేవారు. స్టీరింగు ఎప్పుడూ ముట్టని అత్తగారికి నెల తిరక్కుండానే గేర్లన్నీ తెలిసిపోయాయి. మూడో గేరులో పడితే పెట్రోలు బంకు దాటినట్టు, రెండులోకి దిగితే కొండ మొదటి మలుపు. అంతకుముందు కోడలు బయటికెళ్తే తిరిగొచ్చేదాకా ఆవిడ ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేది. ఆ కొండ రోడ్డంటే ఆవిడకి అంత భయం. ఇప్పుడు చెవి ఇటు పడేసి హాయిగా కునుకు తీసేది.

అందుకే ఇంజను మార్చే రోజు దగ్గరపడే కొద్దీ ఆవిడకి గుబులు పట్టుకుంది. ఇది కారులోకి వెళ్లిపోతే హాలు మూగబోతుంది. ముందు హాలుకి రంగులు వేయించాలంది. తర్వాత చుట్టాలొస్తున్నారంది. ఆ సాకులూ అయిపోయాక మెకానిక్‌తో కోడలికి సెలవు దొరకలేదని చెప్పింది, కోడలితో మెకానిక్‌కి తీరిక లేదని చెప్పింది. ఇద్దరూ ఆవిడ మాట నమ్మారు. పెద్దావిడ అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు?

ఒక వానపడే మధ్యాహ్నం కోడలు బ్లడ్ బ్యాంకు నుంచి బయల్దేరుతూ ఫోన్ చేసింది. కొండ మీద ఆస్పత్రిలో ఒక బాలింతకి రక్తస్రావం ఆగడం లేదట, ఆ గ్రూపు అక్కడ లేదట, తనకోసం భోజనానికి చూడొద్దంది. అత్తగారు సోఫాలో కూర్చుని చెవి ఒగ్గింది. బంకు దాటింది. మొదటి మలుపు దాటింది. తర్వాత ఇంజను అడుగు నుంచి టకటకమని ఒక చప్పుడు మొదలై, క్షణాల్లో సుత్తితో బాదినట్టయింది. ఆపైన ఏ చప్పుడూ లేదు. పైన ఆరేసిన మేజోడు జారి కింద పడింది.

కోడలికి ఫోన్ కలవలేదు. ఆ మలుపుల్లో ఎప్పుడూ కలవదు. మెకానిక్ మాత్రం వెంటనే ఎత్తాడు.

"బండి లాగే లారీ వేసుకుని ఇప్పుడే బయల్దేరతా. కానీ కొండెక్కేసరికి చీకటి పడుతుంది" అన్నాడు. "పాపం, ఆవిడకి సెలవు దొరకలేదు గానీ, కిందటి నెలలోనే మార్చాల్సింది పెద్దమ్మా."

అతనేమీ నిష్ఠూరంగా అనలేదు. అయినా ఆ మాట ఆవిడకి తగలాల్సిన చోటే తగిలింది. వానలో కోడలు, డిక్కీలో సంచులు, పైన ఆస్పత్రి మంచం మీద ముక్కూ మొహం తెలియని ఒక పిల్ల. అంతా తన చెవి సుఖం కోసం. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లేచి, తలుపు వెనక నుంచి స్పానర్ తీసి బోల్టుకి తగిలించింది.

మామూలు రోజుల్లో ఒక చుట్టు తిప్పి వదిలేసేది. ఇప్పుడు ఆపకుండా తిప్పింది. భుజం పీకింది, గాజు ఒకటి చిట్లింది. "కదలవే తల్లీ, అది ఒక్కతే ఉందక్కడ" అంది. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి అందుకుంది. హాల్లో అద్దాల బీరువా వణికింది. స్పానర్ అవతల పారేసి, యాక్సిలరేటరు తీగ తగిలించే చోటున్న చిన్న మీటని ఆవిడ వేలితో నొక్కిపట్టింది. కాసేపటికి మోత మారింది. కొండ మీద కోడలు రెండో గేరు వేసింది. ఎత్తు వచ్చినప్పుడు ఆవిడ గట్టిగా నొక్కింది, మలుపు వచ్చినప్పుడు వదిలింది, ఆ దారి ఆవిడకి చెవులారా తెలుసు. ఇంజను నెమ్మదించి ఆస్పత్రి గుమ్మం ముందు ఆగేదాకా వేలు తీయలేదు.

బాలింత బతికింది.

మర్నాడు మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. పాత ఇంజను పక్కన చెయ్యి పట్టేంత కన్నం పడి ఉంది, లోపలి కడ్డీ విరిగి బయటికొచ్చింది. దీంతో కొండ ఎలా ఎక్కారని అడిగితే కోడలు, మీటర్ల ముళ్లన్నీ సున్నా దగ్గర పడున్నాయనీ, బండి మాత్రం లాగిందనీ, తను నడిపాననీ చెప్పింది. అతను తలూపి పానాల పెట్టె తెరిచాడు.

ఆ సాయంత్రం కోడలు అత్తగారి భుజానికి మందు రాస్తుంటే ఆవిడ తను ఆడిన రెండు అబద్ధాలూ, అవి ఎందుకాడిందో కూడా చెప్పేసింది.

"నేనెక్కడున్నానో తెలియాలంటే ఫోన్ చేయొచ్చుగా అత్తయ్యా."

"చేస్తే నువ్వు ఎత్తుతావు. ఆ మలుపుల్లో ఒంటిచేత్తో నడుపుతూ ఎత్తుతావు. ఆ భయంతోనే ఇన్నేళ్లూ చేయలేదు."

మందు రాయడం అయిపోయాక కూడా కోడలు ఆ భుజం మీద చెయ్యి తీయలేదు.

ఆ వారమే ఇంజను కారులోకి వెళ్లింది. హాల్లో స్టాండు కాళ్ల మచ్చలు మిగిలాయి. కోడలు ఉద్యోగానికి వెళ్లిన మొదటి రోజు పొయ్యి ఎప్పుడు వెలిగించాలో తెలియక అత్తగారు వంటింట్లోకీ హాల్లోకీ తిరిగింది. చివరికి మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"ఇంకొక ఇంజను చూసిపెట్టు నాయనా."

"మొన్ననేగా పెద్దమ్మా ఎక్కించాం. అది పాతబడేసరికి ఏళ్లు పడుతుంది."

"పట్టనీ. అది ఆగేదాకా కూర్చుంటామా?" అంది ఆవిడ. "ఈసారి ఎక్కించే రోజు నువ్వూ అమ్మాయీ మాట్లాడుకోండి. నన్ను మాత్రం అడగొద్దు."

ఫోన్ పెట్టేసి, సోఫాని తనే గోడ వారకి జరిపి చోటు చేసింది.