దర్జీ ఇవ్వని వాటా

ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడిపోయాక దర్జీ కొట్లో కుట్టుపని కన్నా వాదన ఎక్కువైంది. ఆ కొట్టు స్టేడియం గోడకి ఎదురుగా ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి బస్సు డ్రైవరూ, మందుల షాపాయనా, అందరూ ఫ్యూజు అని పిలిచే ఎలక్ట్రీషియనూ వచ్చి ఇస్త్రీ బల్ల చుట్టూ చేరేవారు.

"గోల్ కొట్టేవాడు లేక మనం చస్తుంటే, ఉన్నదంతా పోసి మళ్ళీ డిఫెండర్నే కొన్నారు! వచ్చిన రోజు నుంచీ మోకాలు పట్టుకుని మూలుగుతున్నాడు," అన్నాడు ఫ్యూజు.

"వాడికిచ్చే జీతంతో మన కుర్రాళ్ళ జట్టునంతా ఏడాది పోషించొచ్చు," అన్నాడు మందుల షాపాయన.

"అమ్మేటప్పుడు చవగ్గా అమ్ముతారు, కొనేటప్పుడు అడిగినంతా ఇస్తారు. మా ఆవిణ్ణి కూర్చోబెడితే ఇంతకన్నా బాగా బేరమాడుతుంది." ఇది డ్రైవరు మాట.

దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వాడు. స్టేడియంలో ఎగిరే పెద్ద జెండా అతను కుట్టిందే. తండ్రి భుజాలమీద కూర్చుని మొదటి మ్యాచ్ చూసినవాడు. డ్రైవరుకీ అతనికీ స్నేహం కుదిరింది కూడా ఆ స్టేడియం మెట్లమీదే.

ఆ వారమే క్లబ్బువాళ్ళు ఓ కబురు చెప్పారు. అభిమానులు తలా కొంత వేసుకుంటే మంచి స్ట్రైకర్ని తెస్తామనీ, సీజన్ అయ్యాక ఎవరి సొమ్ము వాళ్ళకి ఇచ్చేస్తామనీ. డ్రైవరు సొంత వ్యాను కొనుక్కోవాలని దాచుకున్నది తీస్తానన్నాడు. ఫ్యూజు ఇంటి పైకప్పు బాగుచేయించడం వాయిదా వేశాడు. దర్జీ కొత్త మిషను మాట మరిచిపోయాడు. శనివారం నలుగురూ కలిసి వెళ్ళి కట్టేద్దామనుకున్నారు.

ముందురోజు మధ్యాహ్నం దర్జీ అల్లుడు కొట్టుకి వచ్చాడు. అతను పనిచేసేది ఆ క్లబ్బు ఆఫీసులోనే, జమాఖర్చుల విభాగంలో. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"మావయ్యా, రేపు మీరు డబ్బు కట్టకండి."

"అదేంటి బాబూ?"

"స్ట్రైకరూ లేడు, ఎవరూ లేరు. వచ్చింది వచ్చినట్టే పాత అప్పుల కింద బ్యాంకువాళ్ళు పట్టుకుపోతారు. సీజన్ చివరికి క్లబ్బే ఉండదు."

దర్జీ కాలు మిషను మీంచి దిగిపోయింది. "మావాళ్ళకి చెప్పాలి కదా."

"ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే మావయ్యా. మిగతా ఇద్దరూ యజమానీ, ఆయన కొడుకూ. బయటికి పొక్కితే ఎవరి నోటి నుంచి వచ్చిందో వెతకక్కర్లేదు." అల్లుడు తల వంచుకున్నాడు. "మీ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఇప్పుడు ఉద్యోగం ఊడితే ఎక్కడికి పోను? మీకు కూడా చెప్పకూడదు. చెప్పకుండా ఉండలేకపోయాను."

అల్లుడు వెళ్ళిపోయాక దర్జీ ఓ చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాడు. విప్పి మళ్ళీ కుట్టబోతే మళ్ళీ తిరగబడింది. డ్రైవరు ముఖం కళ్ళముందు కదులుతోంది, దాని వెనకే కూతురి ముఖం. ఎటు చూసినా దారి మూసుకుపోయినట్టుంది.

శనివారం ముగ్గురూ ఉతికిన బట్టలు కట్టుకుని పెళ్ళికి బయల్దేరినట్టు వచ్చారు.

"లేవరా, ఆలస్యమవుతోంది," అన్నాడు డ్రైవరు.

"నేను రావడం లేదు. డబ్బు కట్టడం లేదు." దర్జీ కత్తెర కింద పెట్టాడు. "మీరూ కట్టకండి."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మందుల షాపాయన నెమ్మదిగా అడిగాడు, "అల్లుడేమైనా చెప్పాడా?"

ఔనంటే కూతురి కాపురం వీధిన పడుతుంది.

"అతనితో ఇంటి సంగతులు తప్ప మాట్లాడను. నాకే చెయ్యి రావడం లేదు."

"మరి మమ్మల్నెందుకు కట్టొద్దన్నావ్?"

"నేనొక్కణ్ణే పిసినారిననిపించుకోవడం ఇష్టంలేక."

ఫ్యూజు పగలబడి నవ్వాడు. డ్రైవరు నవ్వలేదు. "ఇన్నేళ్ళూ ఖర్చు ఎలా పెట్టాలో క్లబ్బువాళ్ళకి మనమంతా పాఠాలు చెప్పాం కదరా. నీ జేబు దగ్గరికి వచ్చేసరికి ఇంతేనా? ఆ జెండా కుట్టినందుకు కూడా బిల్లు పంపించు."

దర్జీ తలుపుకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. "ఒరేయ్, నా మాట విను. వ్యాను కొనుక్కోరా."

"కారణం చెప్పు, వింటాను."

దర్జీ తలుపు వదల్లేదు. డ్రైవరు అతని భుజం పట్టుకుని పక్కకి జరిపి మెట్లు దిగిపోయాడు. వెనకే ఫ్యూజు. మందుల షాపాయన మాత్రం మెట్టుమీద ఆగి, దర్జీ ముఖంలోకి చాలాసేపు చూసి, తన షాపువైపు నడిచాడు.

తర్వాత ఇస్త్రీ బల్ల చుట్టూ ఎవరూ చేరలేదు. స్టేడియంలో దర్జీ వేరే వరసలో కూర్చున్నాడు. పాత వరసలోంచి "పిసినారీ!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. స్ట్రైకరు రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అన్నారు. రాలేదు. సీజన్ ముగిశాక స్టేడియం గేటుకి గొలుసు వేశారు, కట్టిన సొమ్ము ఎవరికీ తిరిగి రాలేదు. అల్లుడు ఓ గోదాములో లెక్కలు రాసే పనిలో కుదురుకున్నాడు. పుట్టిన పాపని తీసుకుని కూతురు నాలుగు రోజులుండి వెళ్దామని పుట్టింటికి వచ్చింది.

ఓ ఉదయం డ్రైవరు యూనిఫారం ప్యాంటు చేత్తో పట్టుకుని కొట్లోకి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. కొట్టు వెనకే ఉన్న ఇంట్లో పాప ఏడుస్తోంది.

"ఒకటే అడుగుతాను. నీకు ముందే తెలుసా?"

అల్లుడి ఉద్యోగానికి ఇక ఏ భయమూ లేదు. ఇప్పుడు నోరు విప్పొచ్చు. కానీ ఏమని విప్పాలి? తెలిసే నిన్ను మెట్లు దిగనిచ్చానని చెప్పాలా?

"లేదు," అన్నాడు దర్జీ.

"నేనూ అదే అన్నాను. మా ఆవిడకి అనుమానం. వాడికి తెలిసుంటే నన్ను కట్టేసైనా ఆపేవాడే అని చెప్పాను." డ్రైవరు తన పాత చోట కూర్చున్నాడు. "నడుం దగ్గర వదులైంది, కాస్త బిగించు."

దర్జీ కుట్టు విప్పి, కొలిచి, బిగించి ఇచ్చాడు. డ్రైవరు డబ్బు తీస్తే వద్దన్నాడు.

"పిసినారివి కదరా, తీసుకో," అని నవ్వి అరచేతిలో పెట్టాడు డ్రైవరు.

దర్జీ తీసుకున్నాడు.