జమాల్‌బీ దవడ కీలు

వాకాడు ఊళ్ళో జమాల్‌బీ రవికలు కుట్టేది. మొగుడు పోయిన ఏడేళ్ళుగా మిషను ముందే కూర్చుని, కుట్టు అయిన ప్రతిసారీ దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపేది. తెంపీ తెంపీ ఎడమ దవడ కీలు చెడింది. నోరు తెరిస్తే టక్కుమనేది. ఆ టక్కుకి దగ్గర్లో ఉన్న తాళమో గడియో ఊడిపోయేది. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు ఆమెను పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె పెట్టె ముందు కూర్చుని ఆవలించేది. పెట్టె తెరుచుకున్నాక ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు.

ఆమెకు బాధంతా చెవితోనే. లోపల ఒకటే హోరు, దూది కుక్కినట్టు దిబ్బడ. మొగుడు పోయినప్పటినుంచీ మనసూ అట్లాగే ఉంది గనక చాలాకాలం పట్టించుకోలేదు. పందొమ్మిదివందల అరవై రెండు ఎండాకాలంలో నెల్లూరు బస్సెక్కింది.

డాక్టరు చెవిలో లైటు వేసి చూశాడు. తర్వాత చెవి ముందు వేలు ఆనించి నోరు తెరవమన్నాడు. టక్కుమంది. మందుల బీరువా తెరుచుకుంది. ఆయన దాన్ని మోచేత్తో మూశాడు.

"చెవి బాగానే ఉందమ్మా. జబ్బు దవడ కీలుది. రెండూ పక్కపక్కనే గదా, దీని బాధ దానికి పాకింది. పళ్ళతో దారం తెంపొద్దు. మెత్తటన్నం తిను, కాపడం పెట్టు. నోరు పెద్దగా తెరిచినావంటే పట్టేస్తుంది."

జమాల్‌బీ కత్తెర కొనుక్కుని వచ్చింది. నెల తిరిగేసరికి హోరు తగ్గింది. ఒక పొద్దున పక్కింటి వడ్ల కొట్టులోంచి తలుపు కొడుతున్న చప్పుడు వినపడింది.

"ఏందది?" అని ఎదురింటి చెంచమ్మనడిగింది.

"పద్మనాభయ్య కూతురు చెంచులక్ష్మి. నర్సు ట్రెయినింగ్‌కి పోతానంటే తాళమేసినాడు. నాలుగు రోజులుగా కొడతానే ఉండాది," అంది చెంచమ్మ, బియ్యం ఏరుకుంటా.

పద్మనాభయ్య పొలానికి పోయాడు. జమాల్‌బీ కొట్టు ముందుకు పోయి నిలబడింది.

"జమాలక్కా, నువ్వేనా?" లోపలినుంచి చెంచులక్ష్మి గొంతు. "రేపటికల్లా చేరకపోతే సీటు పోతుంది."

జమాల్‌బీ నోరు తెరిచింది. చప్పుడు లేదు. కీలు కాస్త నయమైంది. ఇంకొంచెం తెరిచింది. తర్వాత చాలా పెద్దగా తెరిచింది. టక్కుమంది. కప్పతాళం కింద పడింది.

చెంచులక్ష్మి జుట్టునిండా వడ్ల దుమ్ముతో బయటికొచ్చింది. తెరుచుకున్న నోరు మూతపడక నిలబడ్డ జమాల్‌బీని చూసి ఆగిపోయింది.

"అక్కా, ఏమైంది?"

జమాల్‌బీ ఆ పిల్ల భుజం పట్టి వీధివైపు తోసింది. పిల్ల పరుగెత్తింది. చెంచమ్మ తలెత్తలేదు.

జమాల్‌బీ ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేత్తో ఖాళీ కొట్టుకి తాళం మళ్ళీ నొక్కింది. చెవిలో హోరు మొదలైంది.

సాయంత్రం పద్మనాభయ్య తాళాన్ని ఒకసారి లాగి చూసుకున్నాడు. చప్పుడు ఆగినందుకు సంతోషించి, కాళ్ళు కడుక్కోను పోయినాడు.