కుడివైపు గుండె

నా గుండె కుడివైపు ఉంటుంది. అవయవాలన్నీ సీట్లు పట్టుకుంటున్నప్పుడు ఇది ఆలస్యంగా వచ్చి, ఖాళీ ఉన్నచోట సర్దుకుని కూర్చుందని నా అనుమానం. దానివల్ల నాకు ఏ ఇబ్బందీ లేదు. అక్క మెడిసిన్ చదివేటప్పుడు ఆమె స్నేహితులంతా వచ్చి నా గుండె విని వెళ్లేవాళ్లు. మా అమ్మ వాళ్లకు కాఫీలు పెట్టీ పెట్టీ చేతిగీతలు అరగదీసుకుంది.

అలాంటి నన్ను, ఇప్పుడు డాక్టరైన అక్క మెడిసిన్ విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్షకు పేషెంటుగా తీసుకెళ్లింది. ఎగ్జామినర్‌గా కూర్చోవడం తనకిదే మొదటిసారి. ముందురోజు నిద్రలో కూడా మార్కులు వేసింది. నా గురకకు సున్నా వచ్చిందట.

"ఒరేయ్, అక్కడ నోరు విప్పావో, నీ గుండె ఎడమవైపుకి మార్పించేస్తా" అని దారంతా బెదిరించింది.

పక్కన కూర్చునే రెండో ఎగ్జామినర్, అక్కకు పాఠాలు చెప్పిన పెద్దసారు. నా గుండె సంగతి ఆయనకూ తెలుసు. ఆయన ముందు అక్క తుమ్మాలన్నా అనుమతి అడుగుతుంది.

నన్ను తెర వెనక, ఎగ్జామినర్ల కుర్చీల పక్కనే ఇనప మంచం మీద పడుకోబెట్టారు. విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి, మంచుముక్కలాంటి స్టెతస్కోపు ఎడమవైపు ఆనించి, కళ్లు మూసుకుని భక్తిగా తలాడించారు. అందరిదీ ఒకటే మాట, గుండె చప్పుడు మామూలుగా ఉందని. అవతలి పక్కనుంచి నా గుండె చేతులూపుతూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఒక పొడుగమ్మాయి వచ్చింది. మరీ నిదానమని పోయినసారి ఫెయిల్ చేశారని, ఈసారీ తప్పితే మరో ఆరునెలలు ఆగాలని పరీక్షకు ముందు బయట వరండాలో ఆమె స్నేహితులు అనుకుంటుంటే విన్నాను. ఆమె స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చచేసింది. నా చేతిలో ఉంటే అప్పుడే డిగ్రీ ఇచ్చేసేవాణ్ణి.

ఎడమవైపు విన్నది. కాస్త జరిపి మళ్లీ విన్నది. పెద్దసారు గడియారం చూసుకున్నారు. నా కుడిచెయ్యి దానంతటదే గుండె చూపించడానికి పాకుతుంటే ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాను.

"ఇక్కడ సరిగ్గా వినపడట్లేదు మేడమ్. ఎందుకో తెలియట్లేదు" అంది. గంట మోగింది. తలొంచుకుని వెళ్లిపోయింది.

మిగతావాళ్లు ఏదో ఒక జవాబైనా చెప్పారని, ఈమెకు అదీ లేదని, ఫెయిల్ చేసెయ్యమని పెద్దసారు అన్నారు. అక్క గుటక మింగింది. ఆ గుటక చప్పుడు మాత్రం స్టెతస్కోపు లేకుండానే వినపడింది.

"వాళ్లు వినపడని చప్పుడు విన్నామన్నారు సార్. ఈ అమ్మాయి విన్నంతే చెప్పింది. నేను పాస్ చేస్తున్నాను."

"కుడివైపు వెతకలేదు కదమ్మా?"

"వెతకలేదు సార్. ఆ మార్కులు తీసేశాను. మిగతావి ఆమెవే."

ఫ్యాను కూడా తిరగడం మానేసి ఆయన వంక చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, అక్క వేసిన మార్కుల కింద సంతకం పెట్టి, తర్వాతివాళ్లను పిలవమన్నారు.

పరీక్షంతా అయ్యాక వరండాలో పొడుగమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"మీ గుండె నాకు దొరకలేదండీ. ఏమనుకోకండి."

"పర్లేదండీ. దానికి దాక్కోవడం అలవాటు" అన్నాను. అంతకుమించి చెబితే అక్క ఆపరేషన్ చేసేస్తుంది.

ఇంటికి వెళ్తుంటే అక్క, ఇటు చూడరా, పెద్దసారుకే ఎదురు చెప్పేశాను అంది. నేను చూడలేదు. నా ఛాతీ కుడివైపు ఉబ్బి చొక్కా బొత్తాం తెగిపోయింది. దాన్ని వెతుక్కుంటున్నాను.